ట్యాక్స్ కట్టలేక దేశం వదిలేద్దామా?

పోయిన వారం నా బీటెక్ బ్యాచ్‌మేట్ ఒకడు పేస్లిప్ స్క్రీన్‌షాట్ పంపాడు. కింద ఒకటే మెసేజ్: "ఒరేయ్, ముప్పై శాతం ట్యాక్స్ కట్టి ఈ గుంతల రోడ్ల మీద తిరగడం నా వల్ల కాదు. పాస్‌పోర్టే మార్చేస్తా." వాడి కోపం నాకు తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను కూడా టీడీఎస్ కాలమ్ చూసి తిట్టుకున్నవాణ్ణే. కానీ ఆ మెసేజ్‌లో రెండు తప్పులున్నాయి. రెండోది చాలా ఖరీదైన తప్పు.

మొదటిది ముప్పై శాతం. వాడి జీతం 25 లక్షలు. 2025-26 కొత్త రెజీమ్‌లో 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలేది 24.25 లక్షలు. ముప్పై శాతం స్లాబ్ 24 లక్షలు దాటిన తర్వాతే మొదలవుతుంది. అంటే వాడు ముప్పై శాతం కట్టేది పాతిక వేల మీద మాత్రమే. సెస్‌తో కలిపి మొత్తం ట్యాక్స్ 3,19,800 రూపాయలు. జీతంలో దాదాపు 12.8 శాతం. పెట్రోల్ మీద, జీఎస్టీ రూపంలో కట్టేది వేరే ఉంది, ఒప్పుకుంటా. రోడ్డు మీద గుంత కూడా నిజమే. కానీ లెక్క లెక్కే కదా.

ఇక రెండోది పాస్‌పోర్ట్. ఇండియాలో ఇన్‌కమ్ ట్యాక్స్ ప్రధానంగా చూసేది మీరు ఏ దేశ పౌరులు అని కాదు, ఆ సంవత్సరం ఎన్ని రోజులు ఇక్కడ ఉన్నారు అని. ఉద్యోగం కోసం బయటికి వెళ్లే భారతీయుడు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉంటే, ఆ సంవత్సరానికి నాన్ రెసిడెంట్. బయట సంపాదించి అక్కడే అందుకున్న జీతం మీద ఇక్కడ ట్యాక్స్ లేదు. దుబాయ్‌లో జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్సే లేదు. అంటే చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్ అలాగే ఉండగానే ఆ జీతం మీద సున్నా. (ఇండియాలో 15 లక్షలకు పైగా ఆదాయం వస్తుంటే 2020 నుంచి రూల్స్ వేరు, వాళ్లు సీఏని అడగండి.)

అయితే తేదీ ముఖ్యం. సెప్టెంబర్ 28 లోపు ఫ్లైట్ ఎక్కితే 182 దాటదు. నవంబర్‌లో ఎక్కారనుకోండి, ఆ సంవత్సరానికి మీరు రెసిడెంటే. దుబాయ్ జీతం కూడా ఇక్కడ రిటర్న్‌లో చూపించాలి. మావాడికి వచ్చిన ఆఫర్‌లో జాయినింగ్ నవంబర్ అని ఉంది! ఏప్రిల్‌కి మార్పించుకోరా అని చెప్పా.

ఇప్పుడు అమెరికా. అక్కడ లెక్క తిరగబడుతుంది. పౌరసత్వాన్ని బట్టి ట్యాక్స్ వేసే దేశాలు ప్రపంచంలో అమెరికా, ఎరిత్రియా అని రెండే చెప్పుకుంటారు. అమెరికా పౌరుడు వరంగల్‌లో ఉన్నా, వియత్నాంలో ఉన్నా, ఆదాయం పరిమితి దాటితే ఏటా అమెరికాకి రిటర్న్ ఫైల్ చేయాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకీ అంతే. అంటే ట్యాక్స్ బాధ పడలేక అమెరికా పాస్‌పోర్ట్ తీసుకోవడమంటే, ఎక్కడికెళ్లినా వెంట వచ్చే ట్యాక్స్‌ని కోరి తెచ్చుకోవడమే.

మా ఇంట్లోనే చూడండి. మా అక్కావాళ్లు డల్లాస్‌లో ఉంటారు. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్లుగా ఉన్నారు. ఒక దేశంలో పుట్టినవాళ్లకి ఏటా ఏడు శాతం కంటే ఎక్కువ ఇవ్వరు, అందుకే మనవాళ్ల క్యూ కదలదు. కానీ మా మేనకోడలు అక్కడే పుట్టింది, పుట్టుకతోనే అమెరికన్. రేపు అక్కావాళ్లు తిరిగొచ్చేసి, ఆ పిల్ల పెద్దయ్యి హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేసిందనుకోండి. బ్యాంకుకి వెళ్తే అమెరికా పౌరురాలివా అని డిక్లరేషన్ అడుగుతారు. తన విదేశీ ఖాతాలన్నీ కలిపి, అంటే మన బ్యాంకు ఖాతాలే, సంవత్సరంలో ఒక్కరోజు 10 వేల డాలర్లు దాటినా అమెరికాకి రిపోర్ట్ చేయాలి. జీతం మీద కట్టాల్సింది ఏమీ ఉండకపోవచ్చు. ఎందుకంటే బయట పనిచేసేవాళ్లకి 2025లో లక్షా 30 వేల డాలర్ల వరకు మినహాయింపు ఉంది. కానీ ఫైలింగ్ తప్పదు. పైగా మన మ్యూచువల్ ఫండ్ సిప్ వేసిందంటే అమెరికా దాన్ని వేరే కేటగిరీలో పెట్టి చుక్కలు చూపిస్తుంది. ఆరేళ్ల పిల్ల. ఇప్పుడు దానికి బార్బీ తప్ప ఏమీ తెలియదు.

ఇటువైపు ఏం పోతుందో కూడా చూద్దాం. ఇండియాలో డ్యూయల్ సిటిజన్‌షిప్ లేదు. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, మీరు కోరి ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న క్షణమే మనది పోతుంది. ఓసీఐ కార్డ్ పేరులో సిటిజన్ అని ఉంటుంది గానీ అది పౌరసత్వం కాదు, ఓటు లేదు. 2024లో 2,06,378 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. వాళ్లంతా ట్యాక్స్ కోసమే వెళ్లారంటే నేను నమ్మను. వీసా భయం లేకుండా పడుకోవాలనే ఎక్కువమంది తీసుకుని ఉంటారు. మా అక్క అయితే కచ్చితంగా అందుకే తీసుకుంటుంది. అది నాకు న్యాయమైన కారణమే.

ఇంకొకటి, ఇది మన ఊళ్లవాళ్లు తప్పకుండా వినాలి. వ్యవసాయ భూమి. ఎన్నారై అయినా, ఓసీఐ అయినా పొలం కొనకూడదు. గిఫ్ట్‌గా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రమే రావచ్చు. నాన్నకి రెండెకరాలు ఉంది. మొన్న సంక్రాంతికి ఒక ఎకరం అక్క పేరు మీద గిఫ్ట్ డీడ్ చేద్దామని స్టాంప్ పేపర్ల దాకా వెళ్లారు. అక్కకి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. అయినా అక్కడ ఉంటోంది కాబట్టి కుదరదు.

"మరి ఎట్లా వస్తుందిరా దానికి?" అన్నారు నాన్న. వారసత్వంగా అయితే వస్తుంది నాన్నా అన్నాను. ఆయనకి అర్థమైంది. నవ్వి, "అయితే తొందరేం లేదులే" అని కాగితాలు బీరువాలో పెట్టేశారు.