కాచిగూడ స్టేషను: గుమ్మటము వెనుక కథ

బనగానపల్లెకు రైలు వచ్చినది 2016వ సంవత్సరమున. నంద్యాల నుండి ఎర్రగుంట్లకు వేసిన క్రొత్తమార్గము మీద ఆ యూరికొక చిన్న స్టేషను ఏర్పడినది. 1948 వరకు నవాబుల సంస్థానమునకు ముఖ్యపట్టణమై, మామిడిపండునకు తన పేరే పెట్టిన ఊరికి ఇనుపదారి ఇంత ఆలస్యముగా చేరినది.

అంతకు పూర్వము ఆ ప్రాంతము వారు హైదరాబాదు పోవలెనన్న ఏమి చేసెడివారు? బండి కట్టించుకొని పాణ్యమునకో బేతంచెర్లకో చేరి, అచట రైలెక్కి, ద్రోణాచలమున దిగి, కర్నూలు మీదుగా పోవు మరియొక బండి పట్టుకొని, తుంగభద్ర దాటి, గద్వాల, మహబూబ్‌నగరముల మీదుగా పోయెడివారు. అదంతయు మీటరుగేజి మార్గమే. ఆ మార్గమున నగరము చేరిన సీమవారిలో పలువురకు మొదట కనుపించిన హైదరాబాదు చార్మినారు కాదు, కాచిగూడ స్టేషను. ఈనాటికిని కర్నూలు, ద్రోణాచలము, కడప, తిరుపతుల మీదుగా నడచు వేంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఆ స్టేషను నుండియే బయలుదేరును. మన వారి రాకపోకలతో ఇంతగా ముడివడిన ఆ కట్టడమును గూర్చి కొంత వివరింపదలచితిమి.

స్టేషను ముందు నిలిచి చూడుడు. నడుమ నొక పెద్ద గుమ్మటము, ఇరువైపుల చిన్న గుమ్మటములు, వాని నంటి మీనారులు, పొడవైన తెల్లని ముఖభాగము. టిక్కెట్టు కొను చోటని గాక, ఏదో నవాబుగారి దేవిడీ యని తోచును. దీనిని నిర్మించినది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో. 1916 నాటికి కట్టడము పూర్తియైనది. 1908లో మూసీనది వరద నగరమును ముంచివేసిన తరువాత, హైదరాబాదును క్రొత్తగా తీర్చిదిద్దవలెనను సంకల్పము బలపడిన కాలమది.

రూపశిల్పి విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయుడు. ఆయన అంతకు ముందు కలకత్తాలో విక్టోరియా స్మారకభవన నిర్మాణమును పర్యవేక్షించెను. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కార్యాలయ భవనమునకు కూడ రూపకల్పన చేసెను. 1914లో నిజాము కొలువునకు వచ్చిన పిదప హైకోర్టు, సిటీ కాలేజి, ఉస్మానియా ఆసుపత్రి భవనములకు ఆయనయే రూపమిచ్చెను. మూసీ ఒడ్డున ఠీవిగా నిలిచిన ఆ భవనములకు కాచిగూడ స్టేషను తోబుట్టువు.

ఇందులో నొక విశేషమున్నది. గుమ్మటములను, మీనారులను చూచినవారు ఇది పాతకాలపు రాతిపని, సున్నపుపని యని భావింతురు. కాని ఎష్ ఇచట వాడినది ఆనాటికి మిక్కిలి క్రొత్తదైన పద్ధతి. ఇనుపకమ్మీలు కూర్చిన కాంక్రీటు భాగములను ముందుగానే అచ్చులలో పోతపోసి, పిదప తెచ్చి అమర్చుటయే ఆ పద్ధతి. నేడు వంతెనలకును, మేడలకును ఈ విధానము సామాన్యమే. నూరేండ్లకు పూర్వము మన దేశమున అది అరుదు. వేషము మొగలాయీల నాటిది, ఎముకలు ఇరువదవ శతాబ్దమునవి. పాత మర్యాదను విడువకుండ క్రొత్త విద్యను స్వీకరింపవలెనన్న ఆ ప్రభుత్వపు కోరిక ఆ గోడలలోనే కానవచ్చును.

ఆ మర్యాద మరియొక చోట కూడ కనుపించును. పరదా పాటించు స్త్రీలు రైలు దిగి, పదిమంది కంట పడకుండ నేరుగా తమ బండ్లలోనికి పోవుటకు అనువుగా ఈ స్టేషను కట్టబడినది. రైలనగా అన్ని తెగలవారిని ఒక్కచోట కలుపు సాధనము. ఆ కలయికను కోరుచునే, దానికి భయపడి ప్రక్కదారి ఏర్పరచిన కాలపు మనస్సు ఎట్టిదో ఆ ఏర్పాటు తెలుపుచున్నది.

ఇక కంటికి కనుపించని కథకు వత్తము. ఈ స్టేషనుకు బండ్లు నడపిన సంస్థ పేరు "నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే". ఈ "గ్యారంటీ" ఎవరు ఎవరికి ఇచ్చినది?

వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో తెరువబడిన మొదటి మార్గము నిజాము రాజ్యపు ధనముతో వేసినది. దానిని తూర్పునకు, చాందా గనుల వైపునకు పొడిగించుటకై 1883లో ఒక పథకము బయలుదేరినది. లండనులో ఒక కంపెనీ ఏర్పడి మూలధనము సేకరించును. ఆ మూలధనముపై ఇరువది యేండ్లపాటు నూటికి 5 వంతున వడ్డీ ముట్టునని నిజాము ప్రభుత్వము హామీ ఇచ్చును. మన సీమ భాషలో చెప్పవలెనన్న, ఒకరు మన చేనిలో బావి త్రవ్వుదురు. నీరు పడినను, పడకున్నను వారి వడ్డీ మనము చెల్లింపవలెను. బావి త్రవ్వువానికి దిగులు లేదు. చేనుగలవానికే దిగులు.

ఈ సంగతిని బహిరంగముగా ప్రశ్నించినవారు హైదరాబాదులో కొందరుండిరి. వారిలో ప్రముఖుడు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. బంగాళమున పుట్టి, విదేశమున రసాయనశాస్త్రము చదివి, హైదరాబాదు కళాశాలకు అధ్యక్షుడైన విద్వాంసుడు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు ఆయనకు తోడైరి. ఒప్పందపు వివరములను ప్రజలకు తెలుపవలెననియే వారి కోరిక. ప్రభుత్వము సహింపలేదు. 1883లోనే అఘోరనాథుని ఉద్యోగము నుండి తొలగించి, రాజ్యము వెలుపలికి పంపివేసినది. ఆనాడు ఆయన ఇంట నాలుగేండ్ల బాలిక యుండెను. ఆమెయే తరువాత సరోజినీ నాయుడు. కొంతకాలమునకు ఆయన తిరిగి రానీయబడెను. కాని ప్రభుత్వ వ్యయమును గూర్చి పౌరులు లెక్క అడుగుట ఆ నగరమున మొదలైనది రైలు విషయముననే యని చెప్పవచ్చును.

తూర్పుమార్గము చివరకు వరంగల్లు, డోర్నకల్లుల మీదుగా సాగి 1889లో బెజవాడ చేరినది. 1900 ప్రాంతమున హైదరాబాదు నుండి మన్మాడు వరకు గోదావరిలోయ రైలుమార్గము 391 మైళ్ల పొడవున ఏర్పడినది. వ్యయము తగ్గించుటకై దీనిని మీటరుగేజిగా వేసిరి. పెద్దగేజి పట్టాల నడుమ వెడల్పు అయిదడుగుల ఆరంగుళములు, దీనికి మూడడుగుల మూడంగుళములకు మించి స్వల్పమే. కర్నూలు వైపు మార్గమును కూడ ఇదే కొలతతో వచ్చి కాచిగూడను కలిసినది. అనగా గుమ్మటము రాజఠీవిని చాటుచున్నను, దాని ముందాగిన బండ్లు పొదుపుపట్టాల మీద నడచినవే. గుమ్మటము నిజాముది, బండ్ల యాజమాన్యము లండను కంపెనీది. 1930 ఏప్రిలు 1న నిజాము ప్రభుత్వము కంపెనీ నుండి రైళ్లను తన వశము చేసికొన్నది. 1951లో అవి మధ్య రైల్వేలో కలిసినవి. 1966 నుండి దక్షిణ మధ్య రైల్వేలో నున్నవి. పిదప మీటరుగేజి పోయి పెద్దగేజి వచ్చినది.

ఈ నడుమ 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించి, రాజధాని కర్నూలు నుండి హైదరాబాదునకు మారినది. కర్నూలు కచ్చేరీలలో పనులు చూచుకొన్న సీమవారు నాటినుండి అర్జీలు చేతబట్టి తుంగభద్ర దాటవలసివచ్చినది. వారికి నేరుగా పోవు రైలుమార్గము ఈ కాచిగూడ మార్గమే.

నేడు పాత స్టేషనులకు క్రొత్తరూపు కల్పించు పనులు జరుగుచున్నవి. సికింద్రాబాదు స్టేషను పాత ముఖభాగము 2025లో కూల్చివేయబడినది. ప్రయాణికుల సౌకర్యము పెరుగవలసినదే. దానికి మేమును అడ్డు చెప్పము. కాని కూల్చినపుడు పోవునది గోడ మాత్రమే కాదు. ఆ గోడ నెవరి సొమ్ముతో కట్టిరి, ఎవరు లెక్క అడిగిరి, ఎవరిని ఏ దారిన నడిపించిరి అను జ్ఞాపకము కూడ పోవును. కాచిగూడ భవనము ఇంకను నిలిచియున్నది.

మా పాఠకులు ఈసారి వేంకటాద్రిలో పయనించినపుడు, దిగినవెంటనే ఆటో కొరకు పరుగిడక, అయిదు నిమిషములు వెలుపల నిలిచి వెనుదిరిగి చూతురుగాక. పిల్లలు వెంటనున్నచో గుమ్మటమును చూపుడు. ఆ గుమ్మటము రాయి కాదని చెప్పుడు. వడ్డీ లెక్క అడిగి ఊరు విడువవలసివచ్చిన ఉపాధ్యాయుని కథను కూడ చెప్పుడు.