ఊరికి వెళ్లేటప్పుడు పెంపుడు కుక్క సంరక్షణ

సంక్రాంతికి స్వగ్రామం వెళ్లే రాయపురం వాసులు పెంపుడు కుక్కను జీతానికి కుదుర్చుకున్న సంరక్షకులకు అప్పగించే ముందు ఈ విషయాలు గమనించగలరు.

పాలక సంస్థ ఇచ్చిన లైసెన్సు, రేబిస్ టీకా ధ్రువపత్రాల నకళ్లు వారికివ్వండి. వేతనం, నడిపించే వేళలు, ఆహారం, పశువైద్యుని ఫోను నంబరు కాగితంపై రాసుకోండి. ప్రయాణానికి ముందు రెండు రోజులు మీ సమక్షంలోనే నడిపించమనండి; గొలుసు లాగినపుడు నిలువరించగలరో లేదో అప్పుడే తెలుస్తుంది.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే స్టాన్లీ వంటి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలని ముందే చెప్పండి. రేబిస్ లక్షణాలు బయటపడిన పిదప ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

ఎవరూ దొరకలేదని కుక్కను ఇంట్లో కట్టివేసి వెళ్లరాదు. తగిన ఆహారం, నీరు, ఆశ్రయం కల్పించకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం యజమాని నేరమే. పాలక సంస్థ ఫిర్యాదుల నంబరు: 1913.