రేసు కోసం రోడ్డెక్కిన కార్లు

టూరింగ్ కార్ రేసింగ్‌కు మూలసూత్రం ఒక్కటే: జనం షోరూమ్‌లో కొనుక్కునే కారే ట్రాక్ మీద పరుగెత్తాలి. ఫార్ములా వన్ కారులా పోటీ కోసమే పుట్టిన యంత్రానికి ఇందులో చోటు లేదు. నాలుగు సీట్లు, తలుపులు, డిక్కీ ఉన్న మామూలు కారు కావాలి. 1960ల నుంచి 1990ల దాకా ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్ దేశాల్లో ఈ పోటీలకు జనం విరగబడి వచ్చారంటే అందుకే. తమ ఇంటిముందున్న కారు గెలుస్తుంటే చూసేవాళ్లకు సంబరం. ఆ సంబరం అమ్మకాలు పెంచుతుందని కంపెనీలకు ఆశ.

చిక్కల్లా మామూలు కారు రేసుకు పనికిరాకపోవడమే. బరువెక్కువ, బ్రేకులు చాలవు, మలుపుల్లో పక్కకు ఒరుగుతుంది. అందుకని నిర్వాహకులు కొన్ని భాగాలు మార్చుకోనిచ్చి, తక్కినవి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉండాలన్నారు. అప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. ఎన్ని తయారైతే ఒక కారు మామూలు కారు అనిపించుకుంటుంది? ఒక సంఖ్య పెట్టి, అన్ని కార్లు తయారయ్యాయని కంపెనీ రుజువు చూపితే, వాటి కొలతలను పత్రాల్లో నమోదు చేసుకుని పోటీకి అనుమతించేవారు. దీన్నే హోమోలోగేషన్ అంటారు. ట్రాక్ మీద మార్చకూడని భాగాన్ని ఫ్యాక్టరీలోనే మార్చేసి, ఆ సంఖ్య మేరకు కార్లు అమ్మేస్తే ఎవరూ కాదనలేరు. ఈ క్రీడలో అసలు ఇంజనీరింగ్ మొదలయ్యేది గ్యారేజీలో కాదు, ఈ పత్రాల్లోనే.

మొదట్లో ఇది అమాయకంగానే సాగింది. 1963లో వచ్చిన లోటస్ కార్టినా పైకి ఫోర్డ్ కంపెనీ కుటుంబపు కారే. లోపల రెండు క్యామ్‌షాఫ్ట్‌ల లోటస్ ఇంజిన్ ఉండేది. తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంతో చేశారు. మలుపుల్లో లోపలివైపు ముందు చక్రం గాల్లోకి లేస్తుండగా జిమ్ క్లార్క్ దాన్ని నడిపి 1964లో బ్రిటిష్ టైటిల్ గెలిచాడు. ఆ మరుసటి ఏడాది ఆల్ఫా రోమియో ఇంకో అడుగు ముందుకేసి, జూలియా జీటీఏ బాడీకి ఉక్కు రేకుల బదులు అల్యూమినియం రేకులు తొడిగి, ఒక్కో సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్‌లు పెట్టింది.

గడుసుదనం అమెరికాలో ముదిరింది. 1966లో మొదలైన ట్రాన్స్-యామ్ పోటీల్లో ఇంజిన్ 5 లీటర్లు దాటకూడదు. షెవర్లే తన దగ్గరున్న ఒక ఇంజిన్ బ్లాకులో మరో చిన్న ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ బిగించి, హద్దుకు కాస్త లోపల ఆగే ఇంజిన్ తయారుచేసింది. కమారో జడ్/28 పుట్టింది అలాగే. దాన్ని పోటీల్లో నడిపిన రోజర్ పెన్స్‌కీ జట్టు, డ్రైవరూ ఇంజనీరూ అయిన మార్క్ డోనహ్యూ ఇంకా లోతుకు దిగారు. కారు బాడీని ఆమ్లంలో ముంచి రేకు మందం కరిగించారు. పైకప్పు ఎంత పలచబడిందంటే ముడతలు కనిపించసాగాయి. 1969లో వాటిని కప్పిపుచ్చడానికి వినైల్ తొడుగు వేశారు. షెవర్లే ఆ తొడుగును తన కొనుగోలుదార్లకు అమ్ముతూనే ఉంది కాబట్టి అభ్యంతరం చెప్పే వీల్లేదు. పెట్రోలు వేగంగా దిగాలని ట్యాంకును ఎత్తైన స్తంభం మీదికి ఎక్కించారు. ట్యాంకు ఎంత ఎత్తులో ఉండాలో నియమాల్లో ఎక్కడా లేదు మరి. ఇక్కడిదాకా తెలివే. 1968 సీబ్రింగ్ పోటీలో చేసింది మాత్రం మోసమే. నిబంధనల ప్రకారం ఉన్న ఒక్క కారును నంబరు మార్చి రెండుసార్లు తనిఖీకి తీసుకెళ్లారు. తేలికపాటి రెండో కారు తనిఖీ ముఖం చూడకుండానే రేసుకు దిగింది. డోనహ్యూ తన పుస్తకంలో ఈ సంగతులు దాచుకోకుండా రాశాడు.

ఐరోపాలో 1970ల పోరంతా బీఎండబ్ల్యూ, ఫోర్డ్ కంపెనీల మధ్యే. బీఎండబ్ల్యూ 3.0 సీఎస్ఎల్ మొదటి ఇంజిన్ 2,985 సీసీ. దాన్ని సరిగ్గా 3,003 సీసీకి పెంచారు. రోడ్డు మీద ఆ 18 సీసీలతో ఒరిగేదేమీ లేదు. రేసుల్లో మాత్రం మూడు లీటర్లు దాటిన కారు పై తరగతిలోకి వెళ్తుంది, ఇంజిన్ ఇంకా పెంచుకునే హక్కు వస్తుంది. ఫోర్డ్ కూడా కాప్రి ఆర్ఎస్ 3100 తెచ్చి ఇదే దారి పట్టింది. దాని రేసు కారుకు బిగించిన 3.4 లీటర్ల కాస్‌వర్త్ ఇంజిన్‌కూ, షోరూమ్ కారు ఇంజిన్‌కూ పోలిక వెతకడం కష్టం. 1973లో సీఎస్ఎల్‌కు పెద్ద వెనక రెక్క వచ్చింది. అలాంటి రెక్కతో జర్మనీ రోడ్ల మీద తిరగడం చట్టవిరుద్ధం. అందుకని దాన్ని బిగించకుండా డిక్కీలో పెట్టి కొనుగోలుదారు చేతికిచ్చారు. కారుతోపాటు అమ్మారు కాబట్టి అది కారులో భాగమే! ఆ ఏడాది ఐరోపా టైటిల్ ఆ కారుదే.

ఈ పరుగుకు కళ్లెం వేయాలని 1982లో గ్రూప్ ఎ నియమావళి తెచ్చారు. ఏడాదిలో 5,000 కార్లు తయారు చేయాలి. బాడీ ఆకారం, టర్బో వంటివి షోరూమ్ కారులో ఉన్నట్టే ఉండాలి. ఇంజిన్ పరిమాణాన్ని బట్టి కనీస బరువు, టైరు వెడల్పు నిర్ణయించారు. టర్బో ఉంటే ఇంజిన్ పరిమాణాన్ని 1.4తో గుణించి తరగతి లెక్కగట్టేవారు. అయిదు వేల కార్లంటే పిచ్చి ప్రయోగాలు ఆగిపోతాయని అనుకున్నారు. కాకపోతే ఒక కిటికీ తెరిచి ఉంచారు. ఒకసారి ఆమోదం పొందిన కారుకు మెరుగుపరిచిన రూపం తేవాలంటే 500 చేస్తే చాలు. తర్వాతి పదేళ్ల కథంతా ఆ కిటికీలోంచే నడిచింది.

గ్రూప్ ఎ కారుకు నాలుగు సీట్లు తప్పనిసరి. జాగ్వార్ ఎక్స్‌జేఎస్ వెనక సీటులో పెద్దవాళ్లు కూర్చోవడం అయ్యే పని కాదు, అయినా కాగితం మీద అది నాలుగు సీట్ల కారే. 1984లో ఆ వీ12 కారుతోనే టామ్ వాకిన్‌షా ఐరోపా టైటిల్ గెలిచాడు. వోల్వో 240 టర్బో ఆకారం చూసి జనం ఎగిరే ఇటుక అన్నారు. ఆ కంపెనీ తన 500 ప్రత్యేక కార్లను పెద్ద టర్బోతో, లోపలికెళ్లే గాలిని నీటితో చల్లబరిచే ఏర్పాటుతో అమెరికాలో అమ్ముకుంది. 1985 ఐరోపా టైటిల్ ఆ ఇటుకకే దక్కింది.

వివాదాలు కూడా గ్రూప్ ఎతో పాటే వచ్చాయి. 1983 బ్రిటిష్ పోటీల్లో రోవర్ వీటెస్ కార్లు ఆ సీజన్ రేసులన్నీ గెలిచి స్టీవ్ సోపర్‌ను చాంపియన్‌ను చేశాయి. చక్రాల పైభాగంలో బాడీని, ఇంజిన్ కవాటాల రాకర్లను మార్చారని ఫిర్యాదులు వెళ్లాయి. విచారణకు లార్డ్ షాక్రాస్‌ను నియమించారు. న్యూరెంబర్గ్‌లో నాజీల మీద బ్రిటన్ తరఫున వాదించిన న్యాయవాది చివరికి రోవర్ చక్రాల పంచాయతీ తీర్చాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సోపర్ టైటిల్ రద్దయి, ఆల్ఫా రోమియో నడిపిన ఆండీ రౌస్‌కు దక్కింది.

గ్రూప్ ఎ తత్వం పూర్తిగా అర్థం కావాలంటే ఫోర్డ్ సియెరాను చూడాలి. 1986లో ఫోర్డ్ అయిదు వేలకు పైగా సియెరా ఆర్ఎస్ కాస్‌వర్త్ కార్లు తయారుచేసింది. 1,993 సీసీ టర్బో ఇంజిన్, వెనక పెద్ద రెక్క. అందులోంచి 500 కార్లు పక్కన పెట్టి, 1987లో ఆర్ఎస్500గా మార్చింది. రోడ్డు మీద ఆ కారు సుమారు 224 హార్స్‌పవర్ ఇచ్చేది. మామూలు కాస్‌వర్త్ కంటే ఇరవై ఎక్కువ, అంతే. అంత పెద్ద టర్బో అవసరం లేదు, అంత మందమైన గోడల ఇంజిన్ బ్లాకూ అవసరం లేదు. మరీ విచిత్రం, ఇంజిన్‌కు నాలుగు ఇంధన ఇంజెక్టర్లు చాలితే ఇందులో ఎనిమిది పెట్టారు. అదనపు నాలుగూ రోడ్డు కారులో పనిచేయవు. కొన్నవాడికి అవి అలంకారం, రేసు జట్టుకు అవే ప్రాణం. టర్బో మార్చకూడదన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే రేసు సియెరాలు 500 హార్స్‌పవర్ దాటాయి.

అదే 1987లో ప్రపంచ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ తొలిసారి జరిగింది. ఇటలీలోని మోంజాలో మొదటి రేసులోనే రచ్చ. స్విట్జర్లాండ్‌కు చెందిన రూడి ఎగెన్‌బెర్గర్ జట్టు సియెరాలను ఇంజిన్ ఎలక్ట్రానిక్స్ ఆమోదించినవి కావని తొలగించారు. రేసులో మొదటి ఆరు స్థానాల్లో వచ్చినవి బీఎండబ్ల్యూ ఎం3 కార్లే. తర్వాత తనిఖీలో వాటి బాడీ భాగాలు ఉండాల్సిన దానికంటే తేలిగ్గా ఉన్నాయని ఆరింటినీ అనర్హం చేశారు. ఏడో స్థానంలో వచ్చిన ఆస్ట్రేలియా హోల్డెన్ కమొడోర్ విజేత అయింది. దాన్ని నడిపిన ఆలన్ మోఫట్, జాన్ హార్వీ అంతకు ముందు ఏ కలలోనూ ఊహించని విజయమది.

అక్టోబరులో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ 1000 కిలోమీటర్ల రేసు జరిగింది. ఎగెన్‌బెర్గర్ సియెరాలు మొదటి రెండు స్థానాలు తీసుకున్నాయి. ముందు చక్రాల పైన బాడీని సవరించి, పెద్ద టైర్లకు చోటు చేశారని స్థానిక జట్లు ఫిర్యాదు చేశాయి. రెండు కార్లనూ తొలగించారు. మూడోస్థానంలో ఉన్న పీటర్ బ్రాక్ జట్టు విజేత అయింది. అది బ్రాక్‌కు బాథర్స్ట్‌లో తొమ్మిదో గెలుపు. నష్టం అంతటితో ఆగలేదు. ఆ ఏడాది డ్రైవర్ల టైటిల్‌ను ఎం3 నడిపిన రాబర్టో రవాలియా ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచాడు. సియెరా డ్రైవర్ క్లాస్ లుడ్విగ్ చేజార్చుకున్నది బాథర్స్ట్ తనిఖీ గదిలోనే. మోంజాలో పట్టుబడ్డ కంపెనీకే చివరికి టైటిల్ దక్కడం మరో విడ్డూరం.

ఎం3ని తక్కువ అంచనా వేయడం సరికాదు. బలంలో సియెరాకు చాలా వెనక. తయారీలో మాత్రం అంతకంటే శ్రద్ధగల కారు. గాలి సాఫీగా జారి వెనక రెక్కను తాకాలని బీఎండబ్ల్యూ వెనక అద్దం వాలునే మార్చి, డిక్కీ మూత ఎత్తు పెంచింది. మెర్సిడెస్ 1990లో 190ఈ కారుకు ఎవల్యూషన్ 2 రూపం ఇచ్చి, వెనక పెద్ద రెక్క నిలబెట్టి, 502 కార్లు అమ్మింది.

టర్బోల జోరు తగ్గించడానికి 1988లో గుణకాన్ని 1.7కు పెంచారు. లెక్క ప్రకారం సియెరా 3,388 సీసీ కారయి పై తరగతికి వెళ్లినా గెలుపులు ఆగలేదు. నిస్సాన్ ఆ గుణకాన్నే ముందు పెట్టుకుని స్కైలైన్ జీటీ-ఆర్ గీసింది. రెండు టర్బోలు, నాలుగు చక్రాలకూ శక్తి, 2,568 సీసీ ఇంజిన్. 1990 నుంచి 1993 దాకా జపాన్ గ్రూప్ ఎ పోటీల్లో 29 రేసులు జరిగితే ఇరవై తొమ్మిదీ దానివే. పోటీదారులు వెనక్కి తగ్గారు, ఖర్చులు పెరిగాయి, గ్రూప్ ఎ ముగిసింది.

దాని స్థానంలో బ్రిటన్ నుంచి వచ్చిన 2 లీటర్ల నియమావళిలో టర్బోలు లేవు. అయినా పాత విద్య ఒకసారి మళ్లీ పని చేసింది. 1994లో ఆల్ఫా రోమియో 155 రోడ్డు కారును ముందు పెదవి, వెనక రెక్క పొడిగించుకునే భాగాలతో అమ్మింది. వాటిని బిగించి గాబ్రియెలె టార్కినీ మొదటి అయిదు రేసులూ గెలిచాడు. ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు. వాటిని వెనక్కి లాగి నడపాలని అధికారులు అనడంతో ఆల్ఫా జట్టు ఔల్టన్ పార్క్ నుంచి అలిగి వెళ్లిపోయింది. రాజీ కుదిరాక తిరిగొచ్చి టైటిల్ పట్టుకెళ్లింది. అదే ఏడాది వోల్వో 850 ఎస్టేట్ కారును, అంటే సామాన్లు మోసుకునే పొడుగు కారును, రేసుకు దించి అందరి కళ్లూ తనవైపు తిప్పుకుంది. 1995లో నిర్వాహకులే రెక్కల కొలతలు నిర్ణయించి అన్ని జట్లకూ అనుమతించారు. వోల్వో ఎస్టేట్‌ను మాని సెడాన్‌కు మారింది. రేసు రెక్క కోసం వేల కార్లను డిక్కీలో ఆ రెక్కతో అమ్మాల్సిన అవసరం కంపెనీలకు లేకుండా పోయింది.