కొండ ఎక్కడ విరుగుతుంది?

రాయి గట్టిదే. కానీ కొండ అంత గట్టిది కాదు! పొరలు, పగుళ్లు, వాటిలోకి చేరే నీళ్లు... వీటి లెక్క తేల్చుకోకుండా కొండను తొలిస్తే ప్రాణాలకే ముప్పు.

సబ్బవరం పరిసరాల్లో క్వారీ కోసం తవ్విన కొండను కాస్త దూరం నుంచి చూడండి. కొన్నిచోట్ల పుస్తకాలు దొంతర పెట్టినట్టు పొరలు. మరికొన్నిచోట్ల ఇటుకలు పేర్చినట్టు దిమ్మలు. రెండూ రాళ్లే. బరువు పడినప్పుడు మాత్రం దేని తీరు దానిదే.

విశాఖ కొండల్లో పొరల రాయి పేరు ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్.వాకర్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరిది. ఒకప్పటి బంకమట్టి, ఇసుక సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఇలా మారాయి. ఎండావానలకు ఇది మెత్తబడి ఎర్రమట్టి అయిపోతుంది. రెండోది చార్నోకైట్. కోల్‌కతాలోని జాబ్ చార్నాక్ సమాధి రాయిని బట్టి వచ్చింది ఆ పేరు. చాలా గట్టిది. అయినా దానికీ నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి.

పేకముక్కల లెక్క

పేకముక్కల కట్టను బల్ల మీద పెట్టి పైనుంచి నొక్కండి... కదలదు. ఏటవాలుగా పట్టుకుని నొక్కితే ముక్కలు జారిపోతాయి. పొరల రాయీ అంతే. నొక్కే దిశకు పొరలు సుమారు 30 డిగ్రీల వాలులో ఉంటే చాలా తేలిగ్గా విరుగుతుంది. దిమ్మల రాయిలో దిమ్మ పగలకపోవచ్చు. జారుతుంది, పక్కకు తిరుగుతుంది. కీలకమైన ఒక్క దిమ్మ ఊడితే దాన్ని ఆనుకున్నవన్నీ వరసగా దిగుతాయి. అందుకే ప్రయోగశాలలో చిన్న ముక్క చూపే బలం కొండకు ఉండదు.

పొరల్ని పట్టి ఉంచేది రాపిడి. పగుళ్లలో నీరు నిండితే ఆ ఒత్తిడికి రాపిడి తగ్గుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో 58 సొరంగాలున్నాయి. వానాకాలంలో అక్కడ కొండచరియలు పడి రైళ్లు ఆగిన సందర్భాలెన్నో.

ఫ్రాన్స్‌లో 1959 డిసెంబరులో మాల్పాసే ఆనకట్ట కూలి 400 మందికి పైగా చనిపోయారు. కట్టడం లోపం కాదది. ఆనకట్టను మోస్తున్న పొరల రాయిలోని పగుళ్లలోకి నీరు చేరి, ఒక వైపు రాయి కదిలింది. ఆ తర్వాతే శిలల బలాబలాల మీద ప్రపంచమంతటా అధ్యయనం ఊపందుకుంది.

కుట్టు వేస్తారు!

ఇప్పుడు సొరంగం తవ్వేముందు కొండలోకి డ్రిల్లింగ్ చేసి రాతి కడ్డీలు తీస్తారు. వాటిలో 10 సెంటీమీటర్లు దాటిన ముక్కల పొడవులు కలిపి, మొత్తం తవ్విన పొడవులో ఎంత శాతమో చూస్తారు. 90 దాటితే భేష్, 25 లోపైతే బాగా బలహీనం. అవసరమైన చోట పొడవాటి ఇనుప బోల్టులు దించి పొరల్ని కుట్టేస్తారు. విడివిడి కాగితాలు ఇట్టే వంగుతాయి, జిగురుతో అతికిస్తే అట్ట అవుతుంది కదా! నీళ్లు బయటికి పోవడానికి రంధ్రాలు వేస్తారు. క్వారీని నిలువుగోడలా కాకుండా మెట్లుమెట్లుగా తవ్వమనేదీ ఇందుకే.

క్వారీలో పనిచేసేవారు, కొండవాలున ఇళ్లున్నవారు గమనించాల్సినవి కొన్నున్నాయి. కొండ అంచున కొత్త నెర్రెలు, ఉండుండి రాలే చిన్న రాళ్లు, ఉన్నట్టుండి బురదగా ఊరే నీరు, ఒరిగిన చెట్లు... వీటిలో ఏది కనిపించినా ముందు అక్కడినుంచి దూరం జరగాలి. ఆ తర్వాతే అధికారులకు ఫోన్.