ఎండ పోయాక... వెలిగేదెలా?

సాయంత్రం ఆరున్నర. పొద్దు గుంకుతుంది. సరిగ్గా అప్పుడే ఊరూరా లైట్లు, ఫ్యాన్లు, టీవీలు, వేసవైతే ఏసీలు... ఒకదాని వెంట ఒకటి ఆన్ అవుతాయి. పగలంతా వేల ఎకరాల్లో కరెంటు పండించిన సోలార్ పలకలు కూడా సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తాయి. పిండి ఉన్నప్పుడు పొయ్యి లేదు, పొయ్యి వెలిగించేసరికి పిండి లేదు అన్నట్టుంటుంది వ్యవహారం. కరెంటేమో బియ్యంలా బస్తాకెత్తి పెట్టుకునే సరుకు కాదు. వాడేంత మేరే, వాడే క్షణంలోనే పుట్టాలి. మరి ఎలా?

అన్నీ తిరిగేవే... ఒక్కటి తప్ప!

రాగితీగ చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిపితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టాడు. ఇప్పటికీ మన జనరేటర్ల గుట్టు అదే. ఇరుసు తిరగాలి, అంతే. దాన్ని ఎవరు తిప్పుతారన్నదే తేడా! మాచ్‌ఖండ్, సీలేరుల్లో కొండ మీంచి దూకే నీళ్లు తిప్పుతాయి. చక్కెర మిల్లుల్లో చెరకు పిప్పి, మరికొన్నిచోట్ల ఊక మండితే వచ్చే ఆవిరి తిప్పుతుంది. మణుగూరు దగ్గర పగిడేరులోనైతే భూమిలోంచి ఉబికే వేడినీళ్లతో సింగరేణి సంస్థ ఓ చిన్న ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. దాని సామర్థ్యం 20 కిలోవాట్లే.

అనంతపురం వైపు రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు లేచాయి. గాలిమరకో చిత్రమైన లెక్క ఉంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి రెట్టింపు కాదు, ఏకంగా ఎనిమిది రెట్లవుతుంది! అందుకే కొండకొమ్మునే వెతుక్కుంటారు. సీమలో గాలి జోరందుకునేది నైరుతి రుతుపవనాల నెలల్లో. అంటే మబ్బులు కమ్మి సోలార్ డీలా పడే రోజుల్లో గాలిమర ఊపు మీదుంటుందన్నమాట.

ఇక ఏదీ తిరగకుండా కరెంటు ఇచ్చేది సోలార్ పలక ఒక్కటే. రెండు పలుచని సిలికాన్ పొరల్లో ఒకదానికి కాస్త భాస్వరం, రెండోదానికి కాస్త బోరాన్ కలుపుతారు. వెలుతురు పడగానే ఎలక్ట్రాన్లు విడివడి ఒకవైపుకు పరుగు తీస్తాయి. ఆ పరుగే కరెంటు. దాన్ని ఇళ్లలో వాడే ఏసీ కరెంటుగా మార్చేది ఇన్వర్టర్. ఇక్కడో తిరకాసు... పలకకు కావలసింది వెలుతురే, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.4 శాతం పడిపోతుంది. మే నెల ఎండకు పలక 65 డిగ్రీలకు చేరితే దాదాపు ఆరో వంతు పోయినట్టే!

అయినా సరే, ఈ పలకలు పల్లెకు చేసిన మేలు తక్కువేం కాదు. ఒకప్పుడు పొలానికి కరెంటంటే అర్ధరాత్రే. టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి వెళ్లి పాముకాటుకో, షాకుకో బలైన రైతులెందరో! కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో సిద్ధమైన 1,000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటివి వచ్చాక మిట్టమధ్యాహ్నం కరెంటుకు కరువు తగ్గింది. సేద్యానికి పగటిపూటే 9 గంటలు ఇవ్వాలన్న మాటకు అండ దొరికింది.

మళ్లీ కొండెక్కే నీళ్లు

రాత్రి సంగతికొస్తే... జవాబు మేడ మీది ట్యాంకులోనే ఉంది. పగలు కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడాలి, చీకటి పడ్డాక కిందికి వదిలి టర్బైన్ తిప్పాలి. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో ఉన్న ఆరు 150 మెగావాట్ల యంత్రాలను ఇందుకు వీలుగానే చేశారు. ఒకవైపు తిరిగితే జనరేటరు, రెండోవైపు తిరిగితే పంపు! ఇదే సూత్రంతో నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పథకానికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది. దానికి నదితో రోజూ పనిలేదు. గోరకల్లు రిజర్వాయరు నీళ్లతో ఒకసారి నింపి, ఆవిరైనంత మేరకు కలుపుకుంటూ రెండు చెరువుల మధ్య అవే నీళ్లను తిప్పుతారు.

అయితే ఇది ఉచితం కాదు. తోడడానికి 100 యూనిట్లు పెడితే తిరిగొచ్చేది 75-80. పైగా వెయ్యి లీటర్ల నీళ్లు 100 మీటర్ల ఎత్తు నుంచి దూకినా దక్కేది పావు యూనిట్. ఓ సీలింగ్ ఫ్యాను మూడు గంటలు తిరుగుతుందంతే! అందుకే అంతంత పెద్ద చెరువులు, అంతంత ఖర్చు. సోలార్ చౌక అని చెప్పేవాళ్లు ఈ రాత్రి ఖర్చును కూడా కలిపి చెబితే బాగుంటుంది.

ఇంటి మీద పెట్టించుకునేవారికీ ఓ మాట. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ ప్రకటించారు. పగలు మిగిలింది గ్రిడ్‌కు పంపి, రాత్రి తెచ్చుకోవచ్చు. కానీ బ్యాటరీ లేని మామూలు ఆన్-గ్రిడ్ ఏర్పాటైతే, వీధిలో కరెంటు పోగానే మండుటెండలోనూ మీ ఇంట్లో ఫ్యాను ఆగిపోతుంది. 'ఇంత డబ్బు పోసి పెట్టిస్తే ఇదేంటి?' అని కంగారు పడొద్దు. అది లోపం కాదు... ఆ సమయంలో స్తంభమెక్కి తీగ సరిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా ఇన్వర్టరే ఆగిపోయేలా చేసిన ఏర్పాటు.