చిన్న కారు... మన్నిక మాటేమిటి?

2010 నవంబరులో దేశం మొత్తమ్మీద అమ్ముడైన నానో కార్లు 509. అదే ఏడాది జులైలో ఆ లెక్క తొమ్మిది వేలు! ధర కాస్త పెరగడం, అప్పులు తేలిగ్గా దొరక్కపోవడం లాంటి కారణాలు ఉన్నా అసలు దెబ్బ కొట్టింది మాత్రం భయం. ఆ ఏడాది మార్చిలో ముంబయిలో ఒక కొత్త నానో షోరూము నుంచి ఇంటికి వెళుతూ దారిలోనే మంటల్లో చిక్కుకుంది. ఆ దృశ్యాన్ని దేశమంతా టీవీల్లో చూసింది. మరికొన్ని చోట్లా అలాంటి వార్తలే వచ్చాయి. రోడ్డెక్కిన లక్షల్లో నిప్పంటుకున్నవి కొన్నే. కానీ పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లాల్సిన మనిషికి ఆ కొన్ని చాలు.

వానలో తడుస్తూ ఒకే స్కూటర్ మీద వెళుతున్న భార్యాభర్తల్నీ పిల్లల్నీ చూసి రతన్ టాటాకు వచ్చిన ఆలోచన ఆ కారు. 2008 జనవరి 10న దిల్లీ ఆటో ఎక్స్‌పోలో దాన్ని చూపించి, లక్ష రూపాయల ధరకే ఇస్తామన్న మాట నిలబెట్టుకుంటున్నామని ఆయన ప్రకటించారు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూసేకరణ గొడవ ముదరడంతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌కు తరలింది. 2009 మార్చిలో కారు మార్కెట్లోకి వచ్చింది. ఏప్రిల్‌లో బుకింగులు తెరిస్తే రెండు లక్షల మందికి పైగా డబ్బు కట్టారు. తొలి లక్ష మందిని లాటరీ తీసి ఎంచాల్సి వచ్చింది. జీవితంలో మొదటిసారి నాలుగు చక్రాల బండి కొనగలమన్న ఆశతో క్యూ కట్టిన మధ్యతరగతి అది.

లక్షలో కారు ఎలా కుదిరింది? 624 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్‌ను వెనక పెట్టారు. వెనక చక్రాలనే తిప్పించారు కాబట్టి ముందు చక్రాలకు శక్తిని మోసే ఏర్పాటు అక్కర్లేకపోయింది. బరువు 600 కిలోల దగ్గరే ఆపారు. చక్రానికి నాలుగు నట్ల బదులు మూడే. అద్దానికి ఒకటే వైపర్. బేసిక్ మోడల్‌కు ఎడమవైపు సైడ్ మిర్రర్ కూడా లేదు. పెట్రోలు పోయించాలంటే ముందు బానెట్ ఎత్తాలి. బ్యాటరీ డ్రైవర్ సీటు కింద ఉంటుంది. తొలి మోడళ్లలో వెనక డోరు తెరుచుకోదు. ఇంజిన్ చూడాలంటే వెనక సీటు వాలు మడిచి, సామాన్లు తీసి, అడుగున ఉన్న మూత మరలు విప్పాలి. వీటిలో చాలావరకు తెలివైన ఇంజినీరింగే. ఇన్ని తగ్గించినా నలుగురు మనుషులు హాయిగా కూర్చునే చోటు మిగిల్చారు. దాన్ని మెచ్చుకోవాల్సిందే.

కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. ఖరీదైన కారులో ఇంజిన్‌కు, రేడియేటర్‌కు, వైరింగ్‌కు అవసరాన్ని మించిన దన్ను ఉంటుంది. యజమాని నాలుగు రోజులు పట్టించుకోకపోయినా బండి ఓర్చుకుంటుంది. ధర తగ్గించే పనిలో మొదట పలచబడేది ఆ అదనపు దన్నే. పైగా చౌక కారు కొనేది నెల జీతంలోంచి వాయిదా కట్టే మనిషి. పదివేల మరమ్మతు వస్తే ఆ నెల ఇంటి లెక్క తలకిందులవుతుంది. ఏ బండి చెడిపోతే తట్టుకోవడం కష్టమో, ఆ బండికే ఓర్పు తక్కువ కావడం అన్యాయం. చిన్న కారు గురించి ఏం మాట్లాడినా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

దాచిపెడితే పోయేది నమ్మకమే

నానోల మంటల సంగతి మీద టాటా కంపెనీ విచారణ జరిపించింది. డిజైన్‌లో లోపం లేదని తేల్చింది. అయినా 2010 చివర్లో అమ్మిన కార్లన్నిటికీ సైలెన్సర్ దగ్గర, వైరింగ్‌లో అదనపు రక్షణ ఏర్పాట్లు ఉచితంగా చేస్తామంది. వారంటీని నాలుగేళ్లకు పెంచింది. తర్వాతి ఏడాది స్టార్టర్ మోటార్లనూ తన ఖర్చుతోనే మార్చింది. చేసిన పని మంచిదే. అయితే దాన్ని రీకాల్‌గా ప్రకటించలేదు. ఏ లోపం, ఎన్ని బండ్లలో, ఎందుకు అన్న ప్రశ్నలకు కొన్నవాళ్లకు సూటి సమాధానం అందలేదు. ఊహాగానాలకు చోటు దొరికింది. 2018 జూన్‌లో నానో ఉత్పత్తి ఒకే ఒక్క కారు. ఆ తర్వాత కొద్ది నెలలకే కథ ముగిసింది.

అదే 2010 ఫిబ్రవరిలో మారుతి తన ఎ-స్టార్ కార్లు లక్షను వెనక్కి పిలిచింది. ట్యాంకు దగ్గర గాస్కెట్ నుంచి పెట్రోలు కారే అవకాశం ఉందని చెప్పి మార్చి ఇచ్చింది. 2016 అక్టోబరులో రెనో కంపెనీ క్విడ్ కార్లు దాదాపు యాభై వేలను ఇంధన వ్యవస్థ తనిఖీకి రమ్మంది. 2024 ఆగస్టులో 2,555 ఆల్టో కె10 కార్లలో స్టీరింగ్ గేర్‌బాక్స్ లోపం ఉండొచ్చని తెలిసి, మార్చేదాకా బండి నడపొద్దని మారుతి కోరింది. ఈ మూడూ చిన్న కార్లే. లోపం బయటపెట్టినందుకు ఏ కంపెనీ మూతపడలేదు. కంపెనీ బండిని వెనక్కి పిలిస్తే మన కుటుంబాల్లో ఇప్పటికీ ‘ఆ కారు మంచిది కాదట’ అనేస్తారు. నిజానికి లోపాన్ని తనంతట తానే చెప్పిన కంపెనీని ఇంకాస్త ఎక్కువ నమ్మాలి.

మన దగ్గర వాహన కంపెనీల సంఘం స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చుకున్నది 2012లో. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ కేంద్ర ప్రభుత్వానికి బండ్లను వెనక్కి పిలిపించే అధికారం ఇచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లలోపు బండ్లకు వర్తిస్తాయి. మాట వినని కంపెనీకి కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఇదంతా ప్రాణానికి, పర్యావరణానికి ముప్పు తెచ్చే లోపాల సంగతి. వారానికోసారి మొరాయించే బండికి ఈ చట్టం దారి చూపదు.

ఎర్ర లైటు వెలిగేసరికి...

మొరాయింపులన్నీ ఫ్యాక్టరీలో పుట్టినవి కావు. మన ఎండల్లో, మన నీళ్లతో, మన అలవాట్లతో పుట్టేవి చాలా ఉన్నాయి. రెంటచింతల, రామగుండం వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డ చిన్న ఇంజిన్‌కు ఊపిరి ఆడాలంటే రేడియేటర్, ఫ్యాను, కూలెంట్ మూడూ సరిగ్గా ఉండాలి.

షెడ్డుకు వచ్చిన బండి రేడియేటర్ మూత తీస్తే చాలాసార్లు కనిపించేది ఆకుపచ్చ కూలెంట్ కాదు, తుప్పు రంగు నీళ్లు. దారిలో తగ్గిందని ఎవరో బోరు నీళ్లు పోస్తారు. మళ్లీ తగ్గితే మళ్లీ అవే పోస్తారు. నల్గొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు గట్టివి. నీళ్లు కాచే బిందెకు అడుగున పట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. నీటి దారి మూసుకుపోతుంది. కూలెంట్‌లోని మందు నీళ్లు మరిగే వేడిని పెంచుతుంది, లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. ఒట్టి నీళ్లకు ఆ రెండు గుణాలూ లేవు.

చాలా చౌక కార్లలో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఉండదు, ఒక ఎర్ర లైటు మాత్రమే ఉంటుంది. అది వెలిగేసరికి ఆలస్యమే అయిపోతుంది. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని లాగిస్తే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది, గాస్కెట్ కాలుతుంది, నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపల పాలమీగడ రంగు జిగురు కనిపిస్తుంది. మెకానిక్ దాన్ని చూడగానే ‘హెడ్ పని పడింది సార్’ అంటాడు. కొన్ని వందలతో పోయే కూలెంట్ ఖర్చు వేలల్లోకి వెళ్లిపోతుంది. ఎర్ర లైటు వెలిగితే చేయాల్సింది తేలికే. ఏసీ ఆపాలి. బండిని పక్కకు తీసి ఇంజిన్ కట్టేయాలి. ఆగే చోటు లేకపోతే హీటర్ పూర్తిగా పెట్టి మెల్లగా పక్కకు చేరాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకూడదు.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇదంతా ఒకేచోట కనిపిస్తుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాల దగ్గర బండ్లు బారులు తీరతాయి. క్లచ్ సగం తొక్కిపట్టి అంగుళం అంగుళం జరిపితే ప్లేట్లు అరుగుతాయి, కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఏడాదంతా అపార్టుమెంటు సెల్లారులో కదలకుండా ఉన్న కారును నేరుగా ఆ దారికి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. వాడని బండి చెడదనుకోవడం పొరపాటు. బ్యాటరీ దానంతటదే ఖాళీ అవుతుంది, టైర్ల రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, వైర్లను ఎలుకలు కొరికేస్తాయి. పొద్దున్నే సెల్ఫ్ కొట్టకపోతే తిట్లు పడేది కారుకు! వారానికోసారి ఇరవై నిమిషాలు తిప్పితే సగం తిప్పలు తప్పుతాయి.

వైరింగ్ సంగతి ఇంకో మాట చెప్పుకోవాలి. బేసిక్ మోడల్ కొని, బయట దుకాణంలో మ్యూజిక్ సిస్టమ్, అదనపు లైట్లు, రివర్స్ కెమెరా పెట్టించడం మామూలైపోయింది. కంపెనీ వైరును మధ్యలో కోసి, టేపు చుట్టి, ఫ్యూజు లేకుండా కలిపితే అక్కడ నిప్పు రాజుకునే ప్రమాదం ఉంది. వారంటీ కూడా పోవచ్చు. ఫ్యాక్టరీ సాకెట్‌కే తగిలే కప్లర్లు దొరుకుతున్నాయి. కాస్త ఎక్కువ పెట్టి అవే అడగాలి.

చేతులు మారిన బండి

చిన్న కారుకు రెండో యజమాని, మూడో యజమాని తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలదీ అదే గతి. అలాంటి బండ్లు శుభ్రంగా కడిగించుకుని సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చే వీలుంది. సీట్‌బెల్టును చివరిదాకా లాగి చూస్తే లోపలి భాగంలో బురద చార కనిపించవచ్చు. సీటు జరిపే పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింద మట్టి వాసన కూడా గుర్తులే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. అమ్మేవాళ్లు ముందే వేడెక్కించి ఉంచితే మరోరోజు పొద్దున వస్తానని చెప్పడం మేలు.

కంపెనీయే తయారీ ఆపేసిన మోడల్ అయితే ఇంకో బెంగ. జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపింది, స్పార్క్ కార్లు మిగిలిపోయాయి. 2022లో డాట్సన్ పేరు మాయమైంది, రెడీ-గో కార్లు మిగిలాయి. విడిభాగాలు ఇస్తూనే ఉంటామని కంపెనీలు చెప్పినా ఏళ్లు గడిచేకొద్దీ ఒక బంపరు కోసమో, ఒక సెన్సర్ కోసమో వారాలు ఎదురుచూడాలి. అప్పుడు ఆదుకునేది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లే. పాత బండ్లు విప్పి పనికొచ్చే భాగాల్ని జతచేసి పెట్టే పనివాళ్ల చేతిలో ఆ కార్లు ఇంకా నడుస్తున్నాయి. అయితే బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, ఇంధన గొట్టాల విషయంలో పాతవి, నకిలీవి వేయించడం ప్రాణాలతో చెలగాటమే. డోరు హ్యాండిల్ పాతదైతే ఏమీ కాదు, బ్రేక్ ప్యాడ్ అలా కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పట్లో మారుతి ఎస్-ప్రెసో ప్రారంభ ధర 3.49 లక్షలకు, ఆల్టో కె10 ప్రారంభ ధర 3.69 లక్షలకు దిగాయి. బైకు దిగి కారెక్కాలని చూస్తున్న ఇళ్లకు ఇది నిజంగా మంచి కబురు. ఈ ధరలో మరో లాభమూ ఉంది. ఐదు లక్షల్లోపు పెట్టి కొన్న వస్తువు మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రుసుము లేదు. రెండేళ్లలోపు వేయాలి. అయితే తయారీ లోపం అని నిరూపించడానికి చాలా కేసుల్లో నిపుణుడి నివేదిక అడుగుతారు. అది లేకే ఎన్నో ఫిర్యాదులు వీగిపోతాయి. సర్వీసింగ్‌కు ఇచ్చిన ప్రతిసారీ జాబ్‌కార్డు మీద మీ ఫిర్యాదును మీ మాటల్లోనే రాయించండి. ‘జనరల్ చెకప్’ అని రాసి పంపించేస్తే ఒప్పుకోవద్దు. ఆ కాగితాలన్నీ దాచండి. దారి తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఈ ఆదివారం ఓ పది నిమిషాలు తీరిక చేసుకుని ఆర్‌సీ మీదున్న 17 అక్షరాల ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. మీ బండికి రీకాల్ ఏదైనా ఉంటే ఆ పని కంపెనీ ఖర్చుతోనే జరుగుతుంది.