చదువు అప్పు తీరకముందే స్థలము కొనవచ్చునా?

ఆషాఢమాసపు బోనాలు ముగిసి, లాల్‌దర్వాజాలో సింహవాహిని మహంకాళి ఆలయము ముందరి పందిళ్ళు విప్పుచున్న దినములలో, ఆ బస్తీ యువకుడొకడు మమ్ము ఒక ప్రశ్న అడిగినాడు. అతడు ఇంజనీరింగు చదివి ఉద్యోగములో చేరినాడు. చదువు కొరకు బ్యాంకులో తీసికొన్న ఋణము ఇంకను తీరలేదు. తోడి ఉద్యోగులు శంషాబాదుకు ఆవల ఎక్కడెక్కడనో ప్లాట్లు కొనుచున్నారు. అప్పు తీరువరకు తాను ఆగినచో ధరలు అందకుండ పోవునేమో యని అతని బెంగ. ఇది ఒక్క ఇంటి బెంగ కాదు గనుక, అతనితో చెప్పిన మాటలనే శ్రోతలతోను ముచ్చటింపదలచితిమి.

ముందుగా బ్యాంకువారి కంటితో చూతము. ఋణము ఆరు లక్షలు, వడ్డీ నూటికి పది, గడువు పదేండ్లు అనుకొందము. నెలసరి వాయిదా సుమారు 7,930 రూపాయలగును. జీతము నలువది వేలు. అన్ని అప్పుల వాయిదాలును కలిసి జీతములో సగము దాటరాదని బ్యాంకు నియమము పెట్టుకొన్నదనుకొందము. అప్పుడు క్రొత్త వాయిదాకు మిగులునది పండ్రెండు వేల చిల్లర మాత్రమే. ఎనిమిదిన్నర వడ్డీకి, ఇరువదేండ్ల గడువుకు, దానిపై సుమారు పదునాలుగు లక్షల గృహఋణము పుట్టును. చదువు అప్పే లేకున్నచో ఇరువది మూడు లక్షలు పుట్టెడిది. అనగా ఆరు లక్షల అప్పు తొమ్మిది లక్షల అప్పును అడ్డగించుచున్నది. చదువు అప్పు గడువు చిన్నది, వాయిదా బరువైనది, కారణ మింతే.

ఇక చేతిసొమ్ము మాట. ముప్పది లక్షల లోపు గృహఋణములకు ఇంటి విలువలో నూటికి తొంబది వరకు బ్యాంకులు ఈయవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధన. తక్కిన పది మనమే తేవలెను. తెలంగాణలో 2021 జూలైలో హెచ్చించిన రేట్ల ప్రకారము స్టాంపు, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను కలిపి నూటికి ఏడున్నర. సాధారణముగా దానిని బ్యాంకు లెక్కలోనికి తీసికొనదు. ఇరువదియైదు లక్షల ఇంటికి ఈ రెండును కలిపి 4,37,500 రూపాయలు చేతిలో నుండవలెను. మన యువకుడు అయిదేండ్లు వాయిదాలు కట్టిన తరువాత అతని చదువు అప్పులో మిగులునది సుమారు 3,73,000. ఇంటికై కూడబెట్టిన సొమ్ముతో ఆ అప్పంతయు తీర్చి, ఇంకను కొంత మిగుల్చుకొనవచ్చునన్నమాట. ఈ మాట విని అతడు కొంతసేపు మాటాడలేదు.

ఆదాయపు పన్ను చట్టములో చదువు అప్పు వడ్డీకి ఎనిమిదేండ్ల వరకు మినహాయింపు ఉన్నదని కొందరు తీర్చుటకు వెనుకాడుదురు. ఆ మినహాయింపు పాత పన్ను పద్ధతిలో ఉన్నవారికే. ఉన్నను, పన్నులో కొంత మిగులునని వడ్డీ అంతయు కట్టుచు కూర్చుండుట మాకు వివేకముగా తోచదు.

దూరపు ప్లాటు కిరాయి తేదు. ధర పెరుగునను ఆశ యొక్కటే దాని ఆదాయము. అందును "ప్రీలాంచ్" అను పేర తక్కువ ధరకు ఇత్తుమనువారి దగ్గర జాగ్రత్త వహింపవలెను. 2016 నాటి రెరా చట్టము వర్తించు వెంచరును రెరాలో నమోదు చేయకముందు ప్రకటించుటయు, అమ్ముటయు నిషిద్ధము. నమోదైన తరువాత కూడ, రిజిస్టరు చేసిన ఒప్పందము లేక ధరలో పదవవంతుకు మించి తీసికొనరాదు. కాగితముపై గీసిన వీధులకు సొమ్ము కట్టి, అటు చదువు వాయిదా తప్పినచో, ఆ మచ్చ కొడుకు ఒక్కనికే అంటదు. చదువు ఋణపత్రముపై తండ్రియు సాధారణముగా సహఋణగ్రస్తుడై సంతకము చేసియుండును; అతని సిబిల్ స్కోరును పడిపోవును.

తండ్రి పేరు ఎందుకెత్తితిమనగా, మేము చూపదలచిన దారి అతని గడప నుండియే మొదలగుచున్నది. లాల్‌దర్వాజాలో ఆ కుటుంబమునకు డెబ్బది గజములలో ఒక పాత ఇల్లున్నది. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టము ప్రకారము డెబ్బదియైదు గజముల లోపు స్థలములో, నేల అంతస్తుపై ఒక అంతస్తు వరకు, ఏడు మీటర్ల ఎత్తు మించకుండ కట్టుకొనువారు వేరుగా అనుమతి పొందనక్కరలేదు. నమోదు చేసికొనిన చాలును. అయిదు లక్షల ఋణముతో మేడమీద రెండు గదులు వేసినచో, పైన చెప్పిన వడ్డీకి పదునైదేండ్ల వాయిదా సుమారు 4,924 రూపాయలు. అది మిగిలిన పండ్రెండు వేలలో సులువుగా ఇముడును. కిరాయి మొదటి నెల నుండియే వచ్చును. దానిని చదువు అప్పులో అసలుకు జమ కట్టవచ్చును.

అయితే పాతబస్తీ ఇండ్లలో ఇది మాటాడినంత తేలిక కాదు. డంగుసున్నపు గోడలు పై అంతస్తును మోయగలవో లేవో ఇంజనీరు చూచి చెప్పవలెను, మేస్త్రీ కాదు. ఎంజీబీఎస్ నుండి శాలిబండ మీదుగా చాంద్రాయణగుట్టకు మెట్రో మార్గము తలపెట్టినందున, ప్రధానవీధిపై ఇల్లున్నవారు రోడ్డు వెడల్పులో ముందుభాగము పోవునేమో విచారింపవలెను.

అన్నింటికంటె చిక్కు కాగితములది. నోటరీ సంతకముతో చేతులు మారిన ఇండ్లు పాతబస్తీలో అనేకము. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు కావలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము. జనరల్ పవర్ పత్రముల మీది అమ్మకముతో యాజమాన్యము రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చినది. బ్యాంకు తనఖా పుచ్చుకొనునది దస్తావేజు చూచియే గాని గోడలు చూచి కాదు. ఇల్లు తాతగారి పేరనే నిలిచియున్నచో వారసులందరి సమ్మతి కావలెను. మేనత్తలను "పెండ్లిండ్లయినవి గదా" యని విడిచిపెట్టిన కుటుంబములు పిమ్మట కోర్టుల చుట్టు తిరుగుట మేమెరుగుదుము.

ఇది విన్న యువకుడు ఇంటిలోని ఇనుపపెట్టె వెదకించినాడు. తాతగారి విక్రయపత్రము దొరికినది. నిజాము కాలపుది, ఉర్దూలో, ఫసలీ సంవత్సరముతో, ధర హాలీ సిక్కాలో వ్రాసియున్నది. దాని చదివి తర్జుమా చేయగల దస్తావేజు లేఖరి కొరకు అతడిప్పుడు శాలిబండలో విచారించుచున్నాడు. శంషాబాదు ప్లాటుకు బయానా ఇంకను ఈయలేదు.